పియానో కచేరీయు, దాని వ్యాఖ్యానమును

వేదిక మీద నల్లని పెద్ద పియానో ఒక్కటి. దాని ముందు కూర్చున్న వాదకుడు ఒక్కడు. ఎదుట చీకటిలో దగ్గునైనను అణచుకొని కూర్చున్న శ్రోతలు. రెండు గంటల కాలములో మానవకంఠము ఒక్కటియు వినబడకుండుట: పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు పియానో కచేరీ యనగా నేడు లోకమునకు స్ఫురించు రూపమిది. ఈ మౌనము ఆ సంగీతముతో పాటు పుట్టినదనియు, దానిని భంగపరచి వాదకుడు నోరు విప్పి శ్రోతలతో మాటలాడుట రేడియో, టెలివిజన్ యుగములు తెచ్చిపెట్టిన చాపల్యమనియు తలచువారు పెక్కుమంది కలరు. చరిత్ర చూడబోయిన, సంగతి ఇంచుమించు తలక్రిందులుగా నున్నది.

కచేరీ నంతటిని ఒక్క పియానోతోనే నడుపవచ్చునని లోకమునకు చూపినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాంజ్ లిస్ట్. అతనికి ముందు పియానో విద్వాంసుడు ఎంతటి ప్రజ్ఞావంతుడైనను గాయనీగాయకులతోను, వాయులీన విద్వాంసులతోను, ఆర్కెస్ట్రాతోను వేదికను పంచుకొనవలసినవాడే. లిస్ట్ 1839లో రోము నగరమున ఆ పరివారము నంతటిని విడిచి ఒంటరిగా వాయించుటకు మొదలిడి, మరుసటి యేడు జూన్ 9వ తేదీన లండన్‌లోని హానోవర్ స్క్వేర్ రూమ్స్ అను మందిరమున ఆ పద్ధతిని ఆంగ్లేయులకు పరిచయము చేసెను. ఇట్టి ఆద్యుడే ఒక కృతికిని మరియొక కృతికిని నడుమ వేదిక దిగివచ్చి, శ్రోతలలో ఎరిగినవారిని పలుకరించి, ముచ్చటలాడి, మరల పోయి వాద్యము ముందు కూర్చుండెడివాడు. అతడు చేసినది వ్యాఖ్యానమని చెప్పజాలము. ప్రభువుల మందిరములలో అలవడిన సరసమని చెప్పినను తప్పులేదు. అయినను ఏకవ్యక్తి పియానో కచేరీ పుట్టిననాడు మాటకు అందులో చోటుండెనని తెలియుటకు ఇది చాలును.

మాటను సంగీతమునకు తోడుగా నిలుపుట ఇంకను ప్రాచీనము. లైప్‌జిగ్ నగరమందలి సెయింట్ థామస్ దేవాలయమున బాఖ్‌కు పూర్వము సంగీతాచార్యుడుగా నుండిన యోహాన్ కూనౌ 1700లో ప్రకటించిన బైబిల్ సొనాటాలు ఆరింటికిని గద్యపీఠికలు కలవు. దావీదు గొల్యాతును వడిసెలరాతితో కూల్చుట మొదలైన గాథలను మీటల మీద వాయించి చూపదలచిన ఆ పెద్దమనిషి, తన స్వరములు ఎంత చిత్రముగా పలికినను కథ తెలియనివానికి అవి ఉత్త స్వరములే యగునని గ్రహించి, ముందుగా కథ చెప్పి పిదప వాద్యమును తాకుమనెను. 1837లో లండన్‌లో ఇగ్నాజ్ మోషెలెస్ నడిపిన చారిత్రక సంగీతగోష్ఠుల తెరువు వేరు. స్కార్లాటి, బాఖ్ మొదలగువారి రచనలను అతడు నాటికి మూలబడిన హార్ప్సికార్డ్ వాద్యమును తెప్పించి దాని మీదనే వాయించి వినిపించెను. పాత వాద్యమును క్రొత్త వాద్యము ప్రక్కన నిలిపి రెంటిని మ్రోగించుట, పెదవి కదపకుండ చేసిన వ్యాఖ్యానము.

అచ్చువేసిన మాట పలికిన మాటకంటె ముందుగా స్థిరపడినది. 1845లో లండన్‌లో మ్యూజికల్ యూనియన్ అను సమాజమును స్థాపించిన జాన్ ఎల్లా, వాయింపబోవు కృతుల నిర్మాణమును వివరించు పత్రములను అచ్చువేయించి సభ్యులకు పంచెను. మౌనమే సంగీతమునకు చేయదగిన పరమ గౌరవమను అర్థము గల ఇటాలియన్ సూక్తిని తన సమాజమునకు ధ్యేయవాక్యముగా నెలకొల్పినవాడును అతడే. శ్రోత నోరు మూయించినవాడును, శ్రోత చేత కాగితము పెట్టినవాడును ఒక్కడే యగుట గమనింపదగిన విషయము. పిమ్మట జార్జ్ గ్రోవ్ క్రిస్టల్ ప్యాలెస్ కచేరీలకును, ఇరువదవ శతాబ్దమున డోనాల్డ్ టోవీ ఎడింబరోలోని తన రీడ్ ఆర్కెస్ట్రా కచేరీలకును వ్రాసిన వివరణములు స్వతంత్ర వాఙ్మయమనిపించుకొనదగినంత ఎదిగినవి. టోవీ వ్యాసములను ఇంటిలో కూర్చుండి చదువుట వంటి సుఖము వేరొకటి లేదు. సభలో మాత్రము అచ్చుకాగితము ఒక బెడద. వాద్యము ఒకచోట నుండగా కన్ను మరియొక పంక్తిలో నుండును. పుట త్రిప్పు చప్పుడు నూరుగురి చేతులలో ఒక్కమారు లేచును.

ఇక ఆంటోన్ రూబిన్‌స్టైన్ సంగతి కొంత తీరికగా చెప్పవలెను. 1885-86 సంవత్సరములలో ఈ రష్యన్ విద్వాంసుడు ఏడేసి కచేరీల వరుసను ఒక్కొక్క మహానగరమున నడుపుచు పీటర్స్‌బర్గ్, మాస్కో, బెర్లిన్, వియన్నా, పారిస్, లండన్ నగరములను చుట్టివచ్చెను. మొదటి కచేరీలో పదునారవ శతాబ్దపు ఆంగ్లేయులైన బర్డ్, బుల్ అనువారితో మొదలిడి కూపెరాఁ, రామో, స్కార్లాటి, బాఖ్, హాండెల్ మీదుగా మోట్సార్ట్ వరకు వచ్చుట. రెండవ నాడు బేథోవెన్ సొనాటాలను ఎనిమిదింటిని ఒక్క ఆసనమున వాయించుట. పిమ్మట షూబర్ట్, షూమాన్, షోపాఁ, లిస్ట్ మొదలగువారిని దాటి తుదకు తన దేశీయుల రచనలతో ముగించుట. ఎనిమిది సొనాటాలు ఒక్క సాయంకాలము! వినువారి ఓర్పు గూడ వాయించువాని ఓర్పుతో సమానముగా మెచ్చదగినదే. పీటర్స్‌బర్గ్, మాస్కో నగరములలో నాతడు ఇదే కార్యక్రమమును మరునాడు విద్యార్థులకొరకు ఉచితముగా మరల వాయించెను. ఈ ఏడు దినములలో అతడు చెప్పిన మాట లేదు. క్రమమే అతని వ్యాఖ్యానము. పూర్వాపరములను చెవికి వరుసగా అందించినచో చరిత్ర తనంతట తానే బోధపడునని అతని విశ్వాసము.

అయినను రూబిన్‌స్టైన్ అంతటితో తృప్తుడు కాలేదు. 1888-89లో పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీ విద్యార్థులకు పియానో వాఙ్మయ చరిత్రను వారము వారము బోధించుచు, ప్రతి విషయమును అక్కడికక్కడ వాయించి చూపెను. వేయిమంది సభలో మౌనముగా వాయించినవాడే, నేర్చుకొనువారి నడుమ మాటను చేపట్టినాడు. పియానో వాదకుడు ఉపన్యాసకుడైనపుడు అతనికి గల సౌకర్యము ఏ పండితునికిని లేదు: వాక్యమును నోటితో మొదలుపెట్టి వ్రేళ్లతో ముగింపవచ్చును.

వ్యాఖ్యానముతో పనిలేదనువారి పక్షమున కూడ బలమైన యుక్తు లుండినవి. జర్మనుడైన హాన్స్ ఫాన్ బ్యూలో, బేథోవెన్ తొమ్మిదవ సింఫనీని ఒకే కచేరీలో రెండుమార్లు వాయింపజేసెను. మొదటిమారు అర్థము కానివారికి రెండవమారే వివరణము. అర్నోల్డ్ షోన్‌బెర్గ్ 1918లో వియన్నాలో స్థాపించిన స్వకీయ సంగీత ప్రదర్శన సమాజము ఈ సిద్ధాంతమును పరాకాష్ఠకు కొనిపోయినది. ఏ కృతి వాయింపబడునో ముందుగా తెలుపరు, చప్పట్లు కొట్టరాదు, పత్రికా విమర్శకులకు ప్రవేశము లేదు, కఠినమైన క్రొత్త రచనలను చక్కగా అభ్యసించి, ఆర్కెస్ట్రా కృతులను సైతము పెక్కింటిని పియానోకు కుదించి, మరల మరల వినిపింతురు. 1921 చివరకు ఆ సమాజము ధనము లేక మూతబడినదిగాని దాని ఆలోచన నిలిచినది. పరిచయము వలన గలుగు అవగాహన ఉపన్యాసము వలన గలుగు అవగాహనకంటె గట్టిదని నేనును ఒప్పుకొందును. అయితే టికెట్టు కొని ఏడాదికి ఒకమారు వచ్చు గృహస్థునకు ఒకే కృతిని ముమ్మారు వినిపించుట ఏ సభానిర్వాహకునికిని సాధ్యము కాదు.

రేడియో రాకతో ఈ ప్రశ్న సభామందిరము దాటి ఇంటింటి ప్రశ్న ఐనది. వాల్టర్ డామ్‌రాష్ అమెరికాలోని ఎన్.బి.సి. రేడియోలో 1928 మొదలు 1942 వరకు బడిపిల్లలకొరకు నడిపిన సంగీతపాఠములు లక్షలకొలది చెవులను చేరినవి. అదే కాలమున సిగ్మండ్ స్పేత్ అను నతడు ప్రసిద్ధ సింఫనీలలోని ప్రధాన స్వరవాక్యములకు గుర్తుపెట్టుకొనుటకై చిన్నచిన్న పదములను కూర్చి పుస్తకము వేసెను. వర్జిల్ థామ్సన్ 1939లో వ్రాసిన గ్రంథమున ఈ రసజ్ఞతాబోధన నంతటిని ఒక వ్యాపారముగా నిందించెను. జర్మనీనుండి వలస వచ్చిన తత్త్వవేత్త అడోర్నో, డామ్‌రాష్ పాఠములను తరచి చూచి, ఇవి పిల్లలకు సంగీతమును విననేర్పుటకు మారుగా, ఇదిగో మొదటి స్వరవాక్యము, అదిగో రెండవది యని గుర్తుపట్టు ఆటను మాత్రమే నేర్పుచున్నవని ఆక్షేపించెను. ఆ ఆక్షేపణలో ఈర్ష్య కొంత, ఉద్ధతి కొంత లేకపోలేదు. అయినను మూలమున అది న్యాయమే. స్పేత్ కట్టిన పదములను చిన్ననాట వల్లించినవాడు ఆ సింఫనీని ముదిమి వరకు ఆ పదములు లేకుండ వినలేడు.

మాట చేయగల చెరుపునకు అన్నిటికంటె ప్రసిద్ధమైన దృష్టాంతము బేథోవెన్ 1801లో రచించిన సి-షార్ప్ మైనర్ సొనాటా. అతడు దానికి పెట్టిన పేరు స్వేచ్ఛాకల్పనము వంటి సొనాటా యని మాత్రమే. లుడ్విగ్ రెల్‌స్టాబ్ అను విమర్శకుడు దాని మొదటి భాగమును వెన్నెలలో లుసెర్న్ సరస్సుపై సాగు పడవతో పోల్చెను. నాటినుండి అది మూన్‌లైట్ సొనాటా. అంధ బాలికకొరకు వెన్నెలలో రచింపబడినదను కట్టుకథ కూడ దానికి తోడై, మన పాఠకులలో కూడ పెక్కురకు దానిని వినకమునుపే వెన్నెల తెలిసియుండును. ఒక్క ఉపమానము రెండు శతాబ్దముల వాదనమునే మార్చివేసినది: సరస్సు అలసముగా కదలవలెను గనుక ఆ భాగమును నానాటికి మెల్లగా, మరింత మెల్లగా వాయించుట అలవాటైనది.

హంగరీలో జన్మించిన పియానో విద్వాంసుడు ఆంద్రాష్ షిఫ్ 2004 నుండి 2006 వరకు లండన్‌లోని విగ్మోర్ హాలులో బేథోవెన్ సొనాటాలు ముప్పదిరెంటిపై ఇచ్చిన సోదాహరణ ప్రసంగములలో ఈ వెన్నెలను తుడిచివేసిన తీరు మన చర్చకు ముఖ్యము. అతడు రెల్‌స్టాబ్‌ను ఎత్తిపొడిచి ఊరకుండలేదు. బేథోవెన్ వ్రాతనే చదివి చూపెను. తాళము ఆవర్తమునకు రెండు దెబ్బలుగా గుర్తింపబడినది, నాలుగు కాదు. కావున నడక ఇంతకంటె చురుకుగా నుండవలెనని, అట్లు వాయించెను. మొదటి భాగమంతయు డాంపర్లు లేకుండ, అనగా తంత్రుల మీద వాలి నాదమును ఆపు మెత్తని దిమ్మెలను పైకెత్తి యుంచి వాయింపుమని బేథోవెన్ ఆదేశము. నాటి వియన్నా పియానోలలో మోకాలితో నెట్టు మీట చేత సాధ్యమైన ఈ పని నేటి మహాపియానోలో చేసినచో, నాదము అధికకాలము నిలుచును గనుక, స్వరములన్నియు ఒకదానిలో నొకటి కలిసి బురద యగునని బోధకులు దానిని వదలివేసిరి. షిఫ్ వదలక, పెడల్‌ను పట్టి యుంచి, మీదిస్వరమును మృదువుగా తాకుచు, ఆ కలయికయే రచయిత కోరిన పొగమంచేమో వినుడని శ్రోత చెవికే విడిచిపెట్టెను. తరువాత మోట్సార్ట్ 'డాన్ జొవాన్ని' నాటకమున సేనాపతి కత్తిపోటు తిని ప్రాణము విడుచు ఘట్టమును పియానో మీద వాయించెను. అందలి మూడేసి స్వరముల అలలు ఈ సొనాటాలోని అలలకు తోబుట్టువులు. బేథోవెన్ ఆ పంక్తులను తన చేతితో ఎత్తి వ్రాసికొన్న కాగితము కలదని పూర్వమే ఎడ్విన్ ఫిషర్ తెలిపి యుండెను. వెన్నెలపడవ ఎక్కడ, మృత్యుఘట్టమెక్కడ! షిఫ్ మాటను నమ్మవలెనని నియమము లేదు. పరీక్షించుటకు కావలసిన సాక్ష్యము మాత్రము శ్రోత చెవిలో నప్పటికే పడియున్నది. రెల్‌స్టాబ్ ఉపమానమునకు అట్టి సాక్ష్యమేదియు లేదు.

నా అభిప్రాయమున వ్యాఖ్యానమునకు గీటురాయి ఇదే. చెప్పిన మాట వెనువెంట చెవికి అందునదైనచో అది చెప్పదగినది. అందనిదైనచో ఎంత రమ్యమైనను పత్రికకు విడువదగినది. రచయిత ప్రణయములు, అప్పులు, క్షయవ్యాధి మొదలైనవి సభను కట్టిపడవేయును గాని, తరువాతి అయిదు నిమిషములలో వాని చప్పుడు ఎక్కడను వినబడదు. పేరు సైతము వినికిని ఎట్లు వంచునో రచయితలకే బాగుగా తెలియును. దెబ్యుస్సీ 1910, 1913 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించిన ప్రెల్యూడ్లలో ఒక్కొక్కదాని పేరును కృతి తలపై నుంచక, చివరి పుట అడుగున, కుండలీకరణములలో, చుక్కల వెనుక దాచి అచ్చువేయించెను. ఎరిక్ సతీ మరియొక మెట్టెక్కి, 1914లో వ్రాసిన ఒక పియానో కృతికి తానే హాస్యవచనమును జోడించి, వాయించునపుడు దానిని పైకి చదివినవారు తన ఆగ్రహమునకు గురియగుదురని హెచ్చరించెను!

వాయించుటకు ముందు పలికిన మాటకు ఎంతటి బలము గలదో 1962 ఏప్రిల్ 6న న్యూయార్కులోని కార్నెగీ హాలులో తెలియవచ్చినది. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్, బ్రామ్స్ రచించిన డి-మైనర్ కన్చెర్టోను వాయింపబోవు ముందు, ఆర్కెస్ట్రాను నడుపు లెనర్డ్ బెర్న్‌స్టైన్ సభవైపు తిరిగి, గూల్డ్ ఎంచుకొన్న విలంబగతితో తనకు ఏకీభావము లేదని చెప్పెను. ఆనాడు వాయించినదానిని నేటికిని గతిని కొలువక వినగలవారు లేరు. రష్యాలో పియానో విద్వాంసురాలు మరియా యూదినా పంతము వేరు విధమైనది; ఆమె సంగీతమును వివరింపలేదు, కచేరీలో పాస్టర్నాక్ కవిత్వము చదివినది; దానికి ప్రభుత్వము కొంతకాలము ఆమెను వేదిక ఎక్కనీయలేదు.

అదే బెర్న్‌స్టైన్ వాయించి వివరించు ఈ విద్యకు ఇరువదవ శతాబ్దమున అందరికంటె మిక్కిలి దోహదము చేసినవాడు. 1954 నవంబరు 14న 'ఆమ్నిబస్' అను టెలివిజన్ కార్యక్రమమున బేథోవెన్ అయిదవ సింఫనీ మొదటి పుటను స్టూడియో నేల మీద పెద్ద అక్షరములతో చిత్రింపించి, ఏ వాద్యకారుడు ఏ పంక్తిని వాయించునో ఆ పంక్తి మీదనే నిలువబెట్టెను. చూచువారికి ముచ్చటైనది ఇది. వినువారికి విలువైనది మరియొకటి. బేథోవెన్ చిత్తుపుస్తకములలో వ్రాసి కొట్టివేసిన పాఠములను బెర్న్‌స్టైన్ ఆర్కెస్ట్రాకు కూర్చి, అవి ఉండవలసినచోట పెట్టి వాయింపజేసి, ఇవి ఎందుకు తగవో మీరే వినుడని చూపెను. మంచి స్వరము ఎందుకు మంచిదో నూరు వాక్యములు చెప్పలేవు. దాని స్థానమున చెడ్డ స్వరమును ఒకటి ఉంచి వాయించినచో చెవి క్షణములో తీర్పు చెప్పును. 1958 నుండి 1972 వరకు న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్‌తో ఆయన బాలబాలికలకు నడిపిన 53 కచేరీలలోను ఈ మెళకువయే ప్రధానము. ఆర్కెస్ట్రాతో ఈ ప్రయోగమునకు డెబ్బది యెనుబదిమంది కావలెను. పియానో వాదకునకు తన పది వ్రేళ్లు చాలును.

అమెరికాలో జెఫ్రీ సీగెల్ దశాబ్దములుగా నడుపుచున్న 'కీబోర్డ్ కాన్వర్సేషన్స్' వ్యాఖ్యానసహిత పియానో కచేరీలకు ఒక స్థిరరూపమును కల్పించినవి: కృతికి ముందు కొద్ది మాటలు, నడుమ మచ్చునకు కొన్ని స్వరములు, పిమ్మట ఆటంకము లేకుండ కృతి సంపూర్ణముగా, చిట్టచివర శ్రోతల ప్రశ్నలు. నాకు ఈ నాలుగింటిలో చివరిదే మిక్కిలి నచ్చినది. వాదకుడు ఏది చెప్పవలెనో నిర్ణయించుట మాని, శ్రోతకు ఏది అడ్డముపడినదో తెలిసికొను అవకాశము అక్కడనే కలుగును.

ఇంత చెప్పిన పిమ్మట పియానో విద్వాంసురాలు మైరా హెస్ పేరు తలంపకుండుట అన్యాయము. రెండవ ప్రపంచయుద్ధమున లండన్ సభామందిరములు మూతపడగా, చిత్రపటములు తరలింపబడి ఖాళీగా నున్న నేషనల్ గ్యాలరీలో 1939 అక్టోబరు 10 మొదలు 1946 ఏప్రిల్ 10 వరకు ఆమె పూనికతో మధ్యాహ్నవేళ 1,698 కచేరీలు జరిగినవి. ప్రవేశరుసుము ఒక షిల్లింగు. బాంబులు పడుచున్న కాలమున నేలమాళిగలోనికి దిగియైనను కచేరీ ఆపలేదు. గుమాస్తాలు, సైనికులు, నర్సులు వచ్చి, వ్యాఖ్యాత యెవడును లేకయే బాఖ్‌ను, మోట్సార్ట్‌ను విని పోయిరి. వ్యాఖ్యానము లేనిదే సామాన్యునకు ఈ సంగీతము పట్టుబడదనువారు దీనికి సమాధానము చెప్పవలసి యున్నది. నాకు తోచిన సమాధానము ఒకటే: ఆ శ్రోతలు ప్రతిదినము రాగలిగిరి. వెల తక్కువ, వేళ అనుకూలము, చోటు పనిచేయు కార్యాలయములకు దగ్గర. షోన్‌బెర్గ్ నియమములతో సాధింపదలచిన పరిచయమును షిల్లింగు సాధించినది.

ఆంధ్రదేశమున, తెలంగాణమున ఈ మూడు సౌకర్యములును లేవు. కావున మనకు వ్యాఖ్యానము విలాసము కాదు. పియానో మన సినిమాలలో విరివిగా కనబడినది. నాయకుడో నాయికయో దాని ముందు కూర్చుండి పాడుట ఎరుగనివారు లేరు. అచ్చట పియానో పాటకు పీట మాత్రమే. వాయులీనము పాశ్చాత్యదేశమునుండి వచ్చి, బాలుస్వామి దీక్షితులనాటినుండి ద్వారం వెంకటస్వామి నాయుడుగారి నాటికి మన వాద్యమే యైపోయినది. వ్రేలు జారిన గమకము పలుకును గనుక అది సాధ్యమైనది. మీట మీద నిలిచిన స్వరము కదలదు. ఆ కారణముచేతనే హార్మోనియమును ఆకాశవాణి 1940 నుండి మూడు దశాబ్దములు బహిష్కరించినది. అయినను సురభివారి నాటకములలోను, పద్యనాటకములలోను అది రాజ్యమేలుచునే యుండెను. కనుక మీటల వాద్యము మనకు క్రొత్త గాదు. రెండు చేతులు రెండు వేర్వేరు సంగతులు చెప్పుట క్రొత్త.

మన శ్రోతకు గల చిక్కు లండన్ శ్రోతకు లేదు. వీణపై కీర్తన వాయించినపుడు సైతము మన మనస్సులో సాహిత్యము నడచుచుండును. విద్వాంసుడు మీటును సాహిత్యాక్షరములకు సరిపడునట్లు వేయును. సాహిత్యము లేని కృతి ఎదురైనచో, దీని భావమేమని అడుగుట మనకు సహజము. ఆ ప్రశ్నకు వెన్నెల కథ చెప్పుట వ్యాఖ్యాతకు సులభము. రెండవది, మన చెవి ఒక్క గీతిని అనుసరించుటలో ఆరితేరినది. గీతి కదలనిచోట సంగీతము కూడ కదలుట లేదని భ్రమించును.

షోపాఁ 1839లో ప్రకటించిన ఇరువదినాలుగు ప్రెల్యూడ్లలో నాలుగవదైన ఇ-మైనర్ ప్రెల్యూడ్‌ను చూడుడు. 1849 అక్టోబరు 30న పారిస్‌లోని మాదెలేన్ దేవాలయమున అతని అంత్యక్రియలలో దీనిని ఆర్గన్ మీద వాయించిరి. ఇరువదియైదు ఆవర్తములు, రెండు నిమిషముల పని. ఇ-స్వరమును షడ్జముగా నుంచుకొన్న, కుడిచేయి పలుకునది మొదట పంచమము, దాని మీది శుద్ధధైవతము. ప-ధ, ప-ధ, ప-ధ. తరువాత ఒక మెట్టు దిగి మ-ప, మ-ప. నటభైరవి ఎరిగినవానికి ఇది ఆలాపన మొదలుపెట్టకముందు గొంతు సవరించుకొనుట వలె తోచును. వ్యాఖ్యాత ఇచ్చట కుడిచేతిని ఆపివేసి ఎడమచేతిని మాత్రము వాయింపవలెను. మూడేసి స్వరముల గుంపులు ఒకే రీతిగా మ్రోగుచు, గుంపులో తరచుగా ఒక్క స్వరము మాత్రము అర్ధస్వరము జారును. పిమ్మట వేరొకటి జారును. రెండు స్వరములు కలసి జారుట అరుదు. ఎడమచేతిని ఒంటరిగా విన్నవానికి ఆ పంచమము మారకున్నను దాని రుచి ప్రతి ఆవర్తమున మారుచున్నదని తెలియును. మనము గమకములో ఒక స్వరమునకు ఇచ్చు ఛాయాభేదములను షోపాఁ స్వరమును కదపకుండ దాని క్రింది నేలను కదిపి సాధించినాడు. తుదకు గీతి షడ్జమునకు దిగును. కాని క్రింద ఉండవలసిన స్వరసమూహము ఉండదు, మరియొకటి ఉండును. ఇంటికి వచ్చిన శ్రోతకు తలుపు తీసినవారు అపరిచితులు. ఆ మీద కొంత తడబాటు, ఒక విరామము, మూడు స్వరసమూహములు; అప్పటికి నిజముగా షడ్జము. ఆ చోట వాదకుడు మొదట సరియైన స్వరసమూహమునే వాయించి, అపుడు కృతి ఎంత అగ్గువగా ముగిసిపోవునో వినిపించి, పిదప షోపాఁ వ్రాసినదానిని వాయించినచో, బెర్న్‌స్టైన్ మెళకువ రెండు నిమిషముల కృతికి సరిపోవును. ఇంతకుమించి మాట పనిలేదు. షోపాఁ క్షయరోగమును తలంపనక్కరలేదు.

మదరాసు మ్యూజిక్ అకాడమీ ఉదయసభలలో సోదాహరణ ప్రసంగములు వినిన తరములవారికి ఈ పద్ధతి కొంచెమైనను వింత గాదు. రాగలక్షణము చెప్పి, ఒక సంచారము పాడి, ఇట్లు పాడినచో వేరొక రాగమగునని ఆ తప్పును కూడ పాడి చూపుట మన పెద్దలకు అలవాటైన విద్యయే. కొరత ఎచ్చట ననగా, మన నగరములలో అప్పుడప్పుడు జరుగు పియానో కచేరీలలో వేదిక మీది మాటలు ఆంగ్లములో నుండును; స్వరశ్రేణులను శంకరాభరణము, నటభైరవి అని పేర్కొని చెప్పగలవారు పియానో ముందు కూర్చుండుట అరుదు. రెండు సంప్రదాయములు అభ్యసించిన యువకులు నేడు హైదరాబాదులోను, చెన్నపట్టణములోను, సముద్రములకు ఆవల స్థిరపడిన మన కుటుంబములలోను లేకపోలేదు. వారు పూనుకొనవలెను.

వాద్యము మాట వేరు. మహాపియానో బరువైనది, వెలగలది. సముద్రతీరపు తేమకు దాని కొయ్య ఉబ్బి శ్రుతి తప్పును. పిల్లలు నేర్చుకొను ఎలక్ట్రానిక్ కీబోర్డులకు నిజమైన తంత్రులు లేవు. ఒక స్వరము మ్రోగిన ప్రక్క తంత్రులు తామై పలుకు గుణము లేనిచోట షిఫ్ పెడల్ పాఠమునకు తావు లేదు. అందుచేత మొదటి సభను షోపాఁతోగాని బేథోవెన్‌తోగాని ఆరంభింపవలెనని నేననను. బాఖ్ శిష్యులకొరకు వ్రాసి 1723లో శుద్ధప్రతిగా కూర్చిన ఇన్వెన్షన్లు పదునైదింటిలో మొదటిది, సి-మేజర్‌లోనిది, ఏ మీటల వాద్యము మీదనైనను పలుకును. అందలి మొదటి వాక్యము శంకరాభరణమున స-రి-గ-మ-రి-గ-స-ప. కుడిచేయి దానిని పలికిన అర ఆవర్తమునకు ఎడమచేయి ఒక స్థాయి క్రింద అదే వాక్యమును అందుకొనును. వాయించుటకు ముందు సభను రెండు భాగములుగా విభజించి, కుడివైపువారిచేత ఈ వాక్యమును పాడించి, వారు పంచమము పట్టుచుండగా ఎడమవైపువారిని మొదలుపెట్టుమనవలెను. రెండుమార్లు తప్పుదురు, నవ్వుదురు, మూడవమారు కుదురును. పిమ్మట వాదకుడు మాటలాడక ఇరువదిరెండు ఆవర్తములను వాయించి, ఎడమచేతిలో ఆ వాక్యము ఎన్నిమార్లు వచ్చినదో లెక్కపెట్టుమని చెప్పి, రెండవమారు వాయించును.